మీరడిగారు: లంపీ స్టీవెన్స్ వల్లే మూడో స్టంప్ వచ్చిందా?

ప్రశ్న: క్రికెట్‌లో మొదట్లో రెండే స్టంప్స్ ఉండేవని, ఎవరో బౌలర్ పుణ్యమా అని మూడోది వచ్చిందని మా ఫ్రెండ్ ఒకటే వాదన. నిజమేనా సార్?

జవాబు: నిజమేనండీ. ఆ బౌలర్ ఎడ్వర్డ్ స్టీవెన్స్, అందరూ లంపీ అనేవాళ్ళు, 1735లో ఇంగ్లండ్‌లోని సర్రేలో పుట్టాడు. అప్పట్లో రెండు స్టంప్స్, వాటి పైన అడ్డంగా ఒక బెయిల్ అనే చిన్న పుల్ల, మధ్యంతా ఖాళీయే. 1775 మేలో లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో కెంట్ కౌంటీ ఐదుగురు, హాంబుల్డన్ అనే క్లబ్ ఐదుగురు ఆడిన మ్యాచ్‌లో లంపీ కెంట్ వైపు బౌలింగ్ చేస్తున్నాడు, క్రీజులో హాంబుల్డన్ ఆఖరి బ్యాట్స్‌మన్ జాన్ స్మాల్, గెలవడానికి ఇంకా 14 రన్స్ కావాలి. లంపీ బాల్ ఒకసారి కాదు మూడుసార్లు స్మాల్‌ని దాటేసి స్టంప్స్ మధ్యలోంచి దూరిపోయింది, బెయిల్ మాత్రం కదిలితే ఒట్టు! అది పడకపోతే ఔట్ లేదు కదా, స్మాల్ బతికిపోయి ఆ 14 కొట్టేసి మ్యాచ్ గెలిపించేశాడు. ఇదేం అన్యాయం అని అందరూ అనుకున్నాకే మూడో స్టంప్ మాట వచ్చింది. అలాగని మర్నాటికల్లా అన్ని గ్రౌండ్లలో మూడు పాతేశారనుకోకండి, అలవాటవ్వడానికి టైమ్ పట్టింది. పాపం లంపీకి ఒరిగిందేమీ లేదు, లాభమంతా తర్వాతొచ్చిన బౌలర్లదే.

ప్రశ్న: మరి ఆ రోజుల్లో క్రికెట్ మీదే బతికేవాళ్ళా?

జవాబు: లంపీ అయితే సర్రేలోని వాల్టన్‌లో టాంకర్‌విల్ ప్రభువు దగ్గర తోటమాలి. ప్రభువులకి క్రికెట్ మీద పందేల పిచ్చి, అందుకని బాగా ఆడేవాళ్ళని పనిలో పెట్టేసుకునేవాళ్ళు, పేరుకి తోటపని అసలు పని బౌలింగ్ అన్నమాట. పిచ్ మీద పెట్టిన ఈకని లంపీ బాల్‌తో కొడతాడని టాంకర్‌విల్ 100 పౌండ్లు పందెం కాసి గెలిచాడని చెప్తారు. లంపీ 1819లో పోయాడు, సమాధి రాయి కూడా ఈ ప్రభువే పెట్టించాడట. జాన్ స్మాల్‌ది వేరే కథ, పీటర్స్‌ఫీల్డ్‌లో బ్యాట్లూ బాల్సూ తయారుచేసి అమ్ముకునేవాడు.

ప్రశ్న: చెయ్యి పైకి లేపకుండా కిందనుంచి విసిరే అండర్‌ఆర్మ్ బౌలింగే కదా, దానికింత బిల్డప్ ఎందుకు?

జవాబు: అంత తీసిపారేయకండి. అంతకుముందు బాల్‌ని నేల మీద దొర్లించేవాళ్ళు, హాకీ కర్రలా వంపు తిరిగిన బ్యాట్ దానికి సరిపోయేది, లంపీ కాలం వాళ్ళు బాల్‌ని నేలకి కొట్టి పైకి లేపడం మొదలెట్టాకే నిటారు బ్యాట్లు వచ్చాయి. పైగా 1774 రూల్స్ ప్రకారం బయటి ఊరినుంచి వచ్చిన టీమ్‌దే పిచ్ ఎక్కడో తేల్చే హక్కు, ఎదుటి టీమ్ చూపించిన చోటుకి 30 గజాల లోపు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆ చాన్స్ దొరికితే లంపీ వదుల్తాడా, కాస్త మిట్టగా ఉన్న చోటు వెతికి దాని అంచున బాల్ వేసేవాడు, అది లేవకుండా సర్రున కిందకి జారిపోయేది. ఇప్పుడు ఏ కెప్టెనైనా ఇలా పిచ్ ఎంచుకుంటే టీవీ డిబేట్లు వారం రోజులు ఆగవు!