నేల మీద అతికించిన పాత వినైల్ (ప్లాస్టిక్) షీటు తీయకుండా దాని మీదే టైల్స్ వేయించవచ్చా?

వేయించకపోవడమే మంచిది, షీటును, కింద మిగిలిన జిగురును గీకి గచ్చు బయటపడ్డాకే టైల్స్ పరచాలి. సిమెంటు గచ్చు గరుకుగా ఉండి నీళ్లు పీలుస్తుంది కాబట్టి మాలు దానికి పట్టుకుంటుంది. వినైల్ నున్నన, పైగా అడుగు వేస్తే అణుగుతుంది. టైలు వంగదు, విరుగుతుంది. విజయనగరంలో ఒక వంటగదిలో షీటు మీదే పరిచారనుకోండి: ఫ్రిజ్, గ్యాస్ బండ పెట్టే చోట ముందు జాయింట్లలో నింపిన గ్రౌట్ రాలుతుంది, తర్వాత వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. (1980ల నాటి, అంతకు పాత వినైల్‌లో, దాని జిగురులో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) ఉండొచ్చు. అలాంటిదైతే పొడిగా గీకి గానీ గ్రైండర్ పెట్టి గానీ దుమ్ము లేపనివ్వకండి.)

మంచి టైల్ గమ్ము వాడితే దేనికైనా పట్టేస్తుందనేది చాలామంది అపోహ. గమ్ము షీటుకు గట్టిగానే పట్టొచ్చు. ఆ షీటే గచ్చు నుంచి ఊడితే టైలు కూడా దానితో లేస్తుంది.