అత్తగారికి సముద్రం చూపించాలి, ఈఎంఐ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిపి నెలకి 58,000 చేతికొస్తాయి. అద్దె, ఫీజులు, చీటీ, సరుకులు అన్నీ పోను 7,000 మిగులుతుంది. బ్యాంకులో 40,000 ఉంది. మా అత్తగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇంతవరకు సముద్రం చూడలేదు. క్రిస్మస్ సెలవుల్లో అత్తమామల్ని, పిల్లల్ని (10 ఏళ్లు, 4 ఏళ్లు) మూడు రోజులు చెన్నై తీసుకెళ్లాలని ఉంది. ట్రావెల్స్ వాళ్లు అందరికీ కలిపి 46,000 ప్యాకేజీ చెప్పారు. ఆరు నెలల ఈఎంఐ, 16 శాతం వడ్డీ, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు. మామగారు వృద్ధాప్య పింఛనులో దాచుకున్న 10,000 ఇస్తానంటున్నారు, మా ఆయన వద్దంటున్నారు. ఆయన జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. కానీ ఈఎంఐ మీద వద్దు, క్రిస్మస్‌కీ వద్దు.

ముందు ఈఎంఐ లెక్క చూద్దాం. 46,000కి 16 శాతం వడ్డీ అంటే ఆరు నెలల పాటు నెలకి దాదాపు 8,030 కట్టాలి. మీకు మిగిలేది 7,000. అంటే మొదటి నెల నుంచే వెయ్యి రూపాయలు తక్కువ పడతాయి. వడ్డీ ఎంతన్నది రెండో సంగతి, నన్ను భయపెట్టేది ఈ వెయ్యి. ఇది ఎక్కడినుంచి వస్తుంది? ఒక నెల సరుకుల్లో తగ్గిస్తారు, ఒక నెల క్రెడిట్ కార్డు గీస్తారు. కార్డు బాకీ పూర్తిగా కట్టకపోతే నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. పైగా జనవరిలో మొదలుపెడితే చివరి వాయిదా జూన్‌లో పడుతుంది. టీచర్ కాబట్టి జూన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

వడ్డీ 2,170, ప్రాసెసింగ్ ఫీజు దాని మీద జీఎస్టీతో కలిపి 1,085. మొత్తం 3,255 ఊరికే పోతుంది. చెన్నై నుంచి మహాబలిపురానికి కారు మాట్లాడుకోవడానికి అటూ ఇటూగా అంతే అవుతుంది.

బ్యాంకులో ఉన్న 40,000 కూడా ముట్టుకోవద్దు. మీ ఇంటి ఖర్చు నెలకి 51,000. అంటే ఆ డబ్బు ఒక నెలకి కూడా చాలదు. ఎవరికైనా జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరితే అడ్డం పడే డబ్బు అదొక్కటే.

మిగిలింది మీ 7,000. ఇప్పుడు అక్టోబరు మొదలైంది. అక్టోబరు నుంచి జనవరి దాకా నాలుగు నెలలు, జీతం పడిన రోజే 6,000 తీసి వేరే ఖాతాలో వేయండి. మొత్తం 24,000 అవుతుంది. నాలుగు నెలల డబ్బుకి వడ్డీ ఎక్కడ ఎక్కువ అని వెతుక్కోవద్దు, ఏటీఎం కార్డు చేతిలో లేని ఖాతా అయితే చాలు. ఫిబ్రవరిలో బయల్దేరండి.

ఫిబ్రవరి అనడానికి డబ్బొక్కటే కారణం కాదు. చెన్నైకి పెద్ద వానలు మన వైపు లాగా జూన్, జులైల్లో రావు. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. 2015లో ఊరు మునిగింది డిసెంబరులోనే, 2023లో మిచౌంగ్ తుఫాను వచ్చిందీ డిసెంబరులోనే. ముసలివాళ్లనీ, నాలుగేళ్ల పిల్లనీ వెంటబెట్టుకుని ఆ టెన్షన్ ఎందుకు? పైగా సెలవుల్లో గదుల అద్దెలు పెరుగుతాయి. ఫిబ్రవరిలో ఆకాశం తెరిపిగా ఉంటుంది, ఎండలు ఇంకా ముదరవు. ఒక శుక్రవారం మీ ఇద్దరికీ సెలవు, పిల్లలకి బడి మాన్పించడం, అంతే. నెల మధ్యలో వారాంతం చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఒకటో తేదీన ఇంటి దగ్గరికి తెచ్చి ఇస్తారు కాబట్టి, ఆ రోజుకి మామగారు ఊళ్లో ఉండటం మంచిది.

ఇక 24,000తో ఆరుగురు మూడు రోజులు ఎలా తిరగాలో చెప్తాను. మీ ఇంటికి కృష్ణరాజపురం స్టేషన్ దగ్గర. లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే అక్కడ ఆగుతుంది, మధ్యాహ్నం పన్నెండు దాటాక చెన్నై సెంట్రల్‌లో దింపుతుంది. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో బయల్దేరి రాత్రికి ఇక్కడికి చేరుస్తుంది. కూర్చుని వెళ్లే రెండో తరగతి టికెట్ రెండు వందల లోపే. ఐదేళ్ల లోపు పిల్లకి టికెట్ అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. పదేళ్ల పిల్లకి సీటు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. పెద్దవాళ్లకి రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలోనే ఆపేశారు, మామగారు దాన్ని నమ్ముకుని లెక్క వేస్తుంటే చెప్పండి. వెళ్లేటప్పుడు అందరికీ ఉత్సాహం ఉంటుంది కాబట్టి మామూలు సీట్లు చాలు, ఐదు టికెట్లకి 1,000 వేసుకోండి. వచ్చేటప్పుడు అత్తగారి కాళ్లు వాచి ఉంటాయి, పిల్లలు నిద్రకి తూగుతుంటారు. అప్పుడు ఏసీ చైర్ కార్ తీసుకోండి, మనిషికి సుమారు 600 చొప్పున 3,000. రైలుకి మొత్తం 4,000.

ఎక్కువ డబ్బు పోయేది గదికి. ప్యాకేజీ వాళ్లు చెప్పే హోటళ్లు చాలావరకు ఊరి చివర్లో ఉంటాయి. అద్దె తక్కువ కనిపిస్తుంది, కానీ రోజూ ఊళ్లోకి వచ్చి పోవడానికి వాళ్ల బండే గతి. మీరు ట్రిప్లికేన్‌లో గానీ మైలాపూర్‌లో గానీ దిగండి. సెంట్రల్ ఎదురుగానే పార్క్ టౌన్ స్టేషన్ ఉంది. అక్కడ వేళచ్చేరి వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే తిరువల్లికేణి (ట్రిప్లికేన్), లైట్ హౌస్, తిరుమయిలై (మైలాపూర్) స్టేషన్లు వరసగా వస్తాయి. చార్జీ ఐదో పదో. సామాను ఎక్కువై మెట్లు కష్టమనిపిస్తే మాత్రం ఆ ఒక్కసారికీ రెండు ఆటోలు మాట్లాడుకోండి. ట్రిప్లికేన్‌లో పార్థసారథి గుడి, మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి. రెండు చోట్ల నుంచీ మెరీనా బీచ్ దగ్గర.

రెండు గదులు, రెండు రాత్రులు, గది 2,000 చొప్పున 8,000 పెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. చెప్పిన అద్దెలో పన్ను కలిసిందా లేదా అని ముందే అడగండి. లిఫ్ట్ ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా అన్నవి కూడా. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఈ రెండూ లేకపోతే తక్కిన సౌకర్యాలు ఎన్నున్నా దండగే.

తిండికి రోజుకి 1,500, మూడు రోజులకి 4,500. ఊళ్లో తిరగడానికి 1,500. సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి 2021 నుంచి టికెట్ లేదు, మీకూ అత్తగారికీ కూడా వర్తిస్తుంది. మహాబలిపురం కారుకి 3,500. అక్కడ పురావస్తు శాఖ టికెట్ 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకి లేదు. నలుగురికి 160. సముద్రపు ఒడ్డు గుడికీ, పంచరథాలకీ అదే టికెట్ పనిచేస్తుంది. ఇవన్నీ కలిపితే 21,660. మిగిలిన 2,340 మందులకి, పిల్లల మారాముకి.

అక్కడి దాకా వెళ్లి ఏం చూడాలన్నది కూడా డబ్బు ప్రశ్నే, అందుకే కాస్త ఎక్కువ చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట మా అమ్మని ఒక టూర్ బస్సులో సముద్రం చూడటానికి తీసుకెళ్లాను. రోజుకి ఏడు చోట్లు చూపించారు. బీచ్ ఏడోది. చీకటి పడ్డాక దింపి, పావుగంటలో హారన్ కొట్టారు. అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ల దాకా వెళ్లకుండానే వెనక్కి తిరిగింది. కట్టిన డబ్బంతా ఆ పావుగంట కోసమే కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ ప్యాకేజీ కాగితం తీసి చూడండి, బీచ్‌కి ఎంతసేపు రాశారో.

అందుకే శుక్రవారం గదిలో సామాను పెట్టి, భోంచేసి, ఎండ తగ్గాక నేరుగా మెరీనాకే వెళ్లండి. ఇసుక చాలా వెడల్పు, మోకాళ్ల నొప్పులతో నడవడం కష్టం. నడవలేనివాళ్ల కోసం అక్కడ చెక్కబాట వేశారు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఎక్కడుందో అడిగి అక్కడే దిగండి. స్నానాలకి మాత్రం దిగనివ్వద్దు. అలలు లోపలికి లాగేస్తాయి, అక్కడ స్నానం నిషేధం కూడా. కాళ్లు తడిస్తే చాలు. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ ఒకసారి తీసుకెళ్లండి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. దీనికి పైసా ఖర్చు లేదు, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

శనివారం ఆ తర్వాత మహాబలిపురం, సాయంత్రం కపాలీశ్వరుడి గుడి. ఆదివారం పొద్దున ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారాలు మూసేస్తారు, ఆదివారం ఉంటుంది, సెంట్రల్‌కి దగ్గర కాబట్టి అటునుంచే రైలుకి వెళ్లొచ్చు. అమరావతి స్తూపం నుంచి తెచ్చిన సున్నపురాతి శిల్పాలు అక్కడున్నాయి. మీ పెద్దమ్మాయికి మన కృష్ణ ఒడ్డు రాళ్లని చూపించండి. టైముంటే మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం వదిలింది అక్కడే. టీచర్‌గా మీకు, తెలుగువాళ్లుగా అందరికీ చూడదగ్గ చోటు. థీమ్ పార్కు ఈసారికి వద్దు. ఆ టికెట్లతో ఇంకో రాత్రి ఉండొచ్చు, పెద్దవాళ్లు అక్కడ నీడ వెతుక్కుని కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

నాలుగు నెలల్లో 24,000 కాలేదనుకోండి, మధ్యలో ఏదో ఖర్చు వచ్చింది. అప్పుడు వాయిదా వేయకండి, ప్రయాణాన్ని చిన్నది చేయండి. ఒక్క రాత్రే ఉండి, రెండు వైపులా మామూలు సీట్లతో, మహాబలిపురం మానేస్తే 10,000లో అయిపోతుంది. సముద్రం రెండు పూటలా ఉంటుంది. అదే చేతిలో 46,000 నగదు ఉన్నవాళ్లు అడిగి ఉంటే వందే భారత్ ఎక్కి వెళ్లమనీ, అలల చప్పుడు వినబడే గది తీసుకోమనీ చెప్పేదాన్ని. అలాంటివాళ్లకి కూడా రోజుకి ఏడు చోట్లు మాత్రం చెప్పను.

ఎల్‌టీఏ సంగతి వదిలేయండి. అది ప్రయాణ చార్జీలకే వర్తిస్తుంది, హోటల్‌కీ తిండికీ కాదు. అదీ పాత పన్ను విధానంలోనే. మీరు చెప్పిన జీతానికి కొత్త విధానంలో మీ ఆయనకి ఎలాగూ పన్ను పడదు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకి తెరుచుకుంటుంది. తేదీ అనుకోగానే క్యాలెండర్‌లో రాసుకోండి. గదిని డబ్బు వాపసు వచ్చే షరతుతోనే బుక్ చేయండి, పది ఇరవై శాతం ఎక్కువైనా సరే. ఇంట్లో ముసలివాళ్లుంటే తేదీలు మారుతుంటాయి.

మామగారి పదివేల గురించి. వద్దు అనకండి. నాలుగు వేల పింఛనులోంచి దాచుకున్న మనిషి ఆయన, భార్యకి సముద్రం చూపించడంలో తన చెయ్యి కూడా ఉండాలనుకుంటున్నారు. అలాగని అంతా తీసుకోవద్దు. మహాబలిపురం కారు 3,500 ఆయన ఇస్తారని చెప్పండి. డబ్బు మీ ఆయన చేతికి కాకుండా, సాయంత్రం దిగేటప్పుడు మామగారే డ్రైవర్‌కి లెక్కపెట్టి ఇచ్చేలా చూడండి. మీ ఆయనకీ ఇబ్బంది ఉండదు. మీ 24,000లో ఆ మేరకు మిగిలింది తిరిగొచ్చాక ఆ 40,000లో కలపండి.