ఆగిన బండిలో తాళాలు, విలువైన వస్తువులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. బండి ఆపి దిగిపోయేటప్పుడు తాళాలు, డబ్బు, నగలు, ఫోన్లు ఎక్కడ పెట్టాలి? ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు రాశాం.

ప్రశ్న: 2027 గోదావరి పుష్కరాలకు కారులో రాజమహేంద్రవరం వెళ్లాలని ఇప్పటినుంచే అనుకుంటున్నాం. నలుగురం కలిసి స్నానానికి దిగుతాం. మాది బటన్ నొక్కితే స్టార్టయ్యే కారు. ఆ రిమోట్ నడుముకు కట్టుకుని మునగొచ్చా? లేదంటే కారులోనే దాచి వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: రిమోట్‌తో మునగకండి. నలుగురూ ఒకేసారి దిగకండి కూడా. ఇద్దరు మునిగి వచ్చేదాకా మిగతా ఇద్దరు తాళం, ఫోన్లు, నగలు పట్టుకుని గట్టు మీద ఉండండి. ఇంతకంటే గట్టి భద్రత ఏ డబ్బాలోనూ దొరకదు. పైగా నీళ్లలో ఉన్నవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచినట్టూ ఉంటుంది.

అలా కుదరదు, అందరూ కలిసే దిగాలి అంటారా? అప్పుడు మీ రిమోట్ సంగతి కొంచెం తెలుసుకోవాలి. దాని పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపి లాగితే లోపలినుంచి సన్నటి ఇనుప తాళంచెవి బయటికొస్తుంది. చాలామంది కారు కొన్నరోజు నుంచీ దాన్ని చూసి ఉండరు. అది డ్రైవరు తలుపు తెరుస్తుంది, ఇంజను మాత్రం స్టార్ట్ చేయలేదు. స్టార్ట్ చేసే చిప్పు రిమోట్‌లో ఉంటుంది. కాబట్టి నీళ్లలోకి ఈ ఇనుప చెవి ఒక్కటే తీసుకెళ్లొచ్చు. మగవాళ్లు మొలతాడుకు ముడివేసి, ఆ ముడి పైన పిన్నీసు కూడా పెట్టుకోవాలి. ఆడవాళ్లు లోపలి లంగా బొందుకు ఇలాగే కట్టుకోవచ్చు. తడిసినా దానికేమీ కాదు.

ఇక రిమోట్ కారులోనే ఉండిపోతుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. రిమోట్ లోపల ఉందని గుర్తిస్తే చాలా కార్లు లాక్ కాకుండా బీప్‌మంటాయి. లాక్ అయినా, అద్దం పగలగొట్టి లోపలికి చేరినవాడు బటన్ నొక్కితే ఇంజను స్టార్టవుతుంది. అందుకే రిమోట్‌ను సిగ్నల్ ఆపే లోహపు పౌచ్‌లో పెట్టాలి. పౌచ్ కొన్నాక ఇంటి దగ్గరే రెండు పరీక్షలు చేయండి. రిమోట్ ఉన్న పౌచ్‌ను చేత్తో పట్టుకుని తలుపు హ్యాండిల్ బటన్ నొక్కండి, తలుపు తెరుచుకోకూడదు. తరవాత లోపల కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కండి, తాళం కనబడలేదన్న హెచ్చరిక రావాలి. రెండింట్లో ఏది తప్పినా ఆ పౌచ్ పనికిరాదు. వంటింటి అల్యూమినియం కాగితం రెండు మూడు పొరలు చుట్టినా పనిచేయొచ్చు కానీ, మడతల దగ్గర చిరిగితే సిగ్నల్ బయటికొచ్చేస్తుంది.

రిమోట్‌లోంచి సెల్లు తీసేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. నమ్మకండి. సెల్లు అయిపోయినప్పుడు కూడా బండి నడవాలని, చిప్పును కారే దగ్గరినుంచి మేల్కొలిపేలా తయారుచేస్తారు. సెల్లు లేని రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి. ఇది మీకు అక్కరకొచ్చే సంగతి, దొంగకూ అక్కరకొస్తుంది.

పౌచ్‌ను గ్లవ్ బాక్సులో పెట్టొద్దు, అందరూ ముందు వెతికేది అక్కడే. కేబుల్ ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను ముందు సీటు కింద కట్టేయండి (ఎలా కట్టాలో కిందో ప్రశ్నకు జవాబులో రాశాం). ఇంత చేసినా ఇది రెండో దారే. తాళం లోపలుండగా కారు పోతే, తగిన జాగ్రత్త తీసుకోలేదని బీమా కంపెనీ పరిహారానికి అడ్డుచెప్పే అవకాశం ఉంది. పైగా దొంగతనం క్లెయిము వేస్తే రెండు తాళాలూ చూపించమంటారు.

బయలుదేరే ముందు ఇంటి దగ్గర ఒకసారి ఇనుప చెవితో కారు లాక్ చేసి తెరిచి చూడండి. కొన్ని కార్లలో తాళం రంధ్రం హ్యాండిల్ చివరి మూత కింద దాక్కుని ఉంటుంది. కొన్నింట్లో చెవి తిప్పితే డ్రైవరు తలుపు ఒక్కటే పడుతుంది, మిగతా తలుపులు విడిగా లాక్ చేసుకోవాలి. ఇనుప చెవితో తెరిచినప్పుడు అలారం మోగొచ్చు. పౌచ్‌లోంచి రిమోట్ తీసి అన్‌లాక్ నొక్కితే ఆగిపోతుంది. ఘాట్ దగ్గర జనం మధ్య ఇవన్నీ మొదటిసారి తెలియడం మంచిది కాదు.

ప్రశ్న: సూర్యలంక బీచ్‌లో రిమోట్ తాళం ప్లాస్టిక్ కవర్లో ఉండగానే తడిసింది. ఇప్పుడు బటన్లు పనిచేయడం లేదు. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, చీరాల

జవాబు: వెంటనే చూసుకుంటే చాలావరకు బాగవుతుంది. బటన్లు పదేపదే నొక్కి చూడకండి, నొక్కినప్పుడల్లా తడి బోర్డులో కరెంటు పారి రాగి దారులు తినేస్తుంది. ముందు రిమోట్ విప్పి రూపాయి బిళ్ల లాంటి సెల్లు తీసేయండి. ఎక్కువ రిమోట్లలో ఉండేది 3 వోల్టుల సీఆర్ 2032. ఉప్పునీళ్లు కాబట్టి బోర్డును ఒకసారి మంచినీళ్లతో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. కడగకుండా ఆరబెడితే ఉప్పు అక్కడే ఉండిపోయి నెల తర్వాతైనా పాడుచేస్తుంది. మెత్తటి గుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి నీడలో కనీసం ఒక రోజు ఆరనివ్వండి. ఎండలో, హెయిర్ డ్రయ్యర్ కింద పెట్టొద్దు. తర్వాత కొత్త సెల్లు వేయండి. ఈలోగా కారు కదపాల్సి వస్తే, చిప్పు సాధారణంగా చెక్కుచెదరదు కాబట్టి, పైన చెప్పినట్టు రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి చూడండి.

ఇంకోసారి నీళ్లలోకి కవరు తీసుకెళ్లేముందు పరీక్ష చేయండి. కవర్లో పొడి టిష్యూ కాగితం ఒకటి పెట్టి మూయండి. బకెట్లో ముంచి, పైకి తేలకుండా మీద చెంబు పెట్టి అరగంట ఉంచండి. తీశాక కవరు పైభాగం తుడిచి, అప్పుడు తెరవండి. టిష్యూ మూల ఒక్కటి మెత్తబడినా ఆ కవరు వద్దు. బీచ్‌లో ఒక్క ఇసుక రేణువు మూత గాడిలో పడినా నీళ్లకు దారి దొరుకుతుంది.

ప్రశ్న: బ్యాంకులో డబ్బు తీసి స్కూటీ డిక్కీలో పెట్టుకుని వస్తుంటాను. తాళం వేసే ఉంటుంది కదా, భయమెందుకు అంటారు మావారు. నాకు ధైర్యం చాలడం లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ భయమే సరైనది అమ్మా. స్కూటర్ సీటు కింది భాగం హెల్మెట్ కోసం, వానకోటు కోసం. డబ్బు కోసం కాదు. చాలా స్కూటర్లలో సీటుకు ముందు వైపు కీలు, వెనక ఒకే ఒక్క కొక్కెం. సీటు అడుగు ప్లాస్టిక్. పక్కనుంచి గట్టిగా లాగితే వంగుతుంది, సన్నటి చెయ్యి దూరేంత సందు ఇస్తుంది. మీ బండి ఎలా ఉందో ఇప్పుడే చూసుకోవచ్చు. తాళం వేసి, సీటు పక్క అంచు పట్టుకుని పైకి లాగండి. మీ వేళ్లు లోపలికి పోతే కొక్కెం వదులైనట్టు, లేదా సీటు కింది రబ్బరు గుండీలు అరిగినట్టు. మెకానిక్ కొక్కెం సరిచేసి గుండీలు మారుస్తాడు, పెద్ద ఖర్చేమీ కాదు. అయినా డబ్బు మాత్రం అందులో పెట్టకండి.

ఎందుకంటే అసలు ప్రమాదం కొక్కెం కాదు. మీరు డబ్బు తీసుకోవడం, డిక్కీలో పెట్టడం చూసిన మనిషి బ్యాంకు దగ్గరినుంచే వెనక వస్తాడు. దారిలో మిమ్మల్ని బండి దింపడమే అతని పని. 'మేడం, టైరులో గాలి పోతోంది', 'మీ నోట్లు కింద పడ్డాయి', 'చీర మీద ఏదో పడింది చూసుకోండి', ఈ మూడు మాటలూ తెలుగు పట్టణాల్లో పోలీసులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నవే. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు డిక్కీ చూసుకుంటాడు. కొన్నిసార్లు ఎవరూ ఏమీ అననక్కర్లేదు. పండ్ల బండి దగ్గర మీరే రెండు నిమిషాలు ఆగితే చాలు.

అందుకే డబ్బు లెక్క కౌంటరు లోపలే పూర్తిచేసుకోండి. మెడలో అడ్డంగా వేసుకునే జిప్పు సంచిలో పెట్టి, సంచి ముందు వైపుకు, చున్నీ లేదా కోటు కిందకు రానివ్వండి. వెంట ఒకరుండడం మేలు. దారిలో ఎక్కడా ఆగొద్దు. ఎవరైనా గాలి పోయిందంటే నెమ్మదిగా జనం ఉన్న పెట్రోలు బంకుదాకా పోనిచ్చి అక్కడ చూసుకోండి. గాలి తగ్గిన టైరు మీద కాస్త దూరం వెళ్తే పోయేది ట్యూబో టైరో, డబ్బు కాదు. లాకర్‌లోంచి నగలు తెచ్చుకునే రోజుకూ ఇదే పద్ధతి. పెద్ద మొత్తం ఎవరికైనా ఇవ్వాలంటే ఖాతాలోకి పంపేయడమే అన్నిటికంటే మంచిది.

ప్రశ్న: అలిపిరిలో కారు పెట్టి మెట్ల దారిలో కొండెక్కుతాం. సామాను, ఫోన్లు కారులో వదలాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వదలక్కర్లేదు. 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని తిరిగొచ్చేసరికి ఎంతసేపవుతుందో చెప్పలేం, కారు రాత్రంతా అక్కడే ఉండిపోవచ్చు. నడిచి వెళ్లేవాళ్ల సామానును తితిదే అలిపిరిలో తీసుకుని ఉచితంగా కొండమీదికి చేరుస్తుంది. రసీదు జాగ్రత్త. ఫోన్లు గుడిలోకి అనుమతించరు కానీ దర్శనం ముందు అప్పగించే కౌంటర్లు ఉంటాయి.

ప్రశ్న: మందుల కంపెనీ ప్రతినిధిని. రోజుకు పది ఆసుపత్రులు తిరగాలి, ల్యాప్‌టాప్ కారులోనే ఉంటుంది. కారులో చిన్న లాకర్ బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బిగించుకోవచ్చు. దానికంటే ముందు మార్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. ఆసుపత్రి ముందు కారు ఆపి, దిగి, సీటు మీది బ్యాగు తీసి డిక్కీలో పెట్టి లోపలికి వెళ్తారు కదా? ఆ ఆవరణలో ఉన్నవాళ్లందరికీ బ్యాగు ఎక్కడుందో మీరే చూపించినట్టయింది. ల్యాప్‌టాప్ కాక మిగతా సామానును బయలుదేరే చోటే డిక్కీలో పెట్టేయండి, దిగే చోట డిక్కీ తెరవకండి. ఛార్జర్ వైరు, ఫోన్ స్టాండు, ఖాళీ ల్యాప్‌టాప్ సంచి కూడా పైకి కనపడొద్దు. లోపల ఏమీ లేకపోయినా ఖాళీ సంచి కోసం అద్దం పగులుతుంది.

డిక్కీ కూడా పూర్తిగా గట్టిది కాదు. సెడాన్లలో డ్రైవరు సీటు పక్కన డిక్కీ లాగే మీట ఉంటుంది. అద్దం పగిలితే అది చేతికందుతుంది. వెనక సీటు మడిచినా డిక్కీలోకి దారి ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్‌లో పైన కప్పే పలక తీసేసి తిరుగుతుంటారు కొందరు. అది తప్పకుండా ఉంచండి.

లాకర్ విషయానికొస్తే, నేలకు రంధ్రాలు చేయించొద్దు. కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయో పైనుంచి కనపడదు. రంధ్రం చుట్టూ రెండు వానాకాలాల్లో తుప్పు మొదలవుతుంది. స్టీలు కేబుల్‌తో వచ్చే డబ్బా చాలు. ముందు సీటును నేలకు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ చుట్టూ కేబుల్ తిప్పి, దాని కంటిని డబ్బా లోపల వేసి మూయాలి. సీటు కింద పసుపు రంగు గొట్టం, పసుపు కనెక్టరు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టులవి. కేబుల్ వాటికి తగలకూడదు. సీటు ముందుకూ వెనక్కూ పూర్తిగా జరిపి చూడండి. బిగించాక డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగితే విప్పి సరిచేయాలి. ఇలాంటి డబ్బా తీరిగ్గా పనిచేసే దొంగను ఆపలేదు. నిమిషంలో పని ముగించుకుని పోదామనుకునేవాణ్ని ఆపుతుంది. ల్యాప్‌టాప్ ఇందులో పట్టదు, అది మాత్రం భుజానే ఉండాలి.

ప్రశ్న: డ్రైవర్లు మారినప్పుడు తాళం టైరు మీదో బంపరు వెనకో పెడుతుంటాం. అయస్కాంతం డబ్బా కొంటే మేలా?
– ట్రావెల్స్ యజమాని, వరంగల్

జవాబు: టైరు మీద చేయి పెట్టి చూడడం ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన. అయస్కాంతం డబ్బా ఇనుముకే అంటుకుంటుంది, ఇప్పటి బంపర్లు ప్లాస్టిక్. అడుగున చాసిస్‌కు పెడితే బురద పేరుకుని పట్టు తగ్గుతుంది, ఏదో ఒక స్పీడుబ్రేకర్ దగ్గర రాలిపోతుంది. నంబరు తాళం ఉన్న చిన్న పెట్టెను మీ ఆఫీసు గోడకు బిగించండి. డ్రైవరు మారినప్పుడల్లా నంబరు మార్చండి.

ప్రశ్న: ఆర్సీ, ఇంటి తాళాలు కారులోనే ఉంచుతాను. తప్పా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ కలిపి ఉంచడం పెద్ద తప్పు. ఆర్సీ మీద ఇంటి చిరునామా ఉంటుంది, పక్కనే ఆ ఇంటి తాళం. ప్రభుత్వ ఫోన్ యాప్‌లైన డిజిలాకర్, ఎంపరివాహన్‌లలోని ఆర్సీ, లైసెన్సు తనిఖీలో చెల్లుతాయి. కేంద్రం 2018లోనే నిబంధన మార్చింది. అసలు కాగితాలు ఇంట్లో ఉంచండి. సర్వీసింగ్‌కో, హోటల్‌లో బండి నిలిపే కుర్రాడికో ఇచ్చేటప్పుడు గుత్తిలోంచి కారు తాళం ఒక్కటే విడదీసి ఇవ్వండి.

ప్రశ్న: విజయవాడ ఎండల్లో ఆగిన కారులో ఏవి ఉంచకూడదు?
– ఒక పాఠకురాలు

జవాబు: అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో అరగంటలో లోపలి వేడి బయటికంటే సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. బయట 42 ఉంటే లోపల 60 దాటుతుంది, డాష్‌బోర్డు ఇంకా ఎక్కువ కాలుతుంది. సెంటు, డియోడరెంటు డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసే ఉంటుంది. పవర్ బ్యాంకు, లైటరు, శానిటైజర్ వద్దు. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలకు హద్దు 30 డిగ్రీలు. అది పైకి మామూలుగానే కనపడుతుంది, లోపల మాత్రం బలం తగ్గిపోతుంది. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. తాళం లోపలుండిపోయి బిడ్డ చిక్కుకుంటే మెకానిక్ కోసం ఎదురుచూడకుండా 112కు ఫోన్ చేయండి. బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టి పగలగొట్టండి.

ప్రశ్న: అద్దం పగలగొట్టి బ్యాగు తీసుకుపోతే ముందు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దేన్నీ ముట్టుకోకుండా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. చుట్టుపక్కల దుకాణాల కెమెరాలు ఎక్కడున్నాయో రాసుకోండి, పాత రికార్డింగు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. ఫిర్యాదు ఏ ఠాణాలోనైనా ఇవ్వొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 173వ సెక్షను ప్రకారం 'మా పరిధి కాదు' అని తిప్పి పంపకూడదు. ఫోన్ పోతే ఎఫ్ఐఆర్ నకలుతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బ్లాక్ చేయించండి. అందుకే ఆ నంబరు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు ఇప్పుడే ఇంట్లో రాసి పెట్టుకోండి. బ్యాగులో ఇంటి తాళం ఉంటే ఆ రాత్రికే తలుపు తాళం మార్చేయాలి.

మోటారు బీమా మామూలుగా బ్యాగుకు రాదు. పగిలిన అద్దానికి సమగ్ర (కాంప్రిహెన్సివ్) బీమా ఉంటే వస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. వ్యక్తిగత వస్తువుల అదనపు రక్షణ తీసుకున్నా నగదు, నగలకు సాధారణంగా వర్తించదు. పక్క అద్దం ఒక్కటే అయితే క్లెయిము వేసేముందు ఒక లెక్క చూసుకోండి. క్లెయిము లేని ఏళ్లకు వచ్చే తగ్గింపు 20 శాతంతో మొదలై 50 దాకా వెళ్తుంది. ఒక్క క్లెయిముతో అది పోతే, వచ్చే ఏడు కట్టే అదనం అద్దం ధరకంటే ఎక్కువ కావచ్చు.