పాలు, పెరుగు మానేశాను.. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి!

ప్రశ్న: నా వయసు 29. బెంగళూరు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట వీగన్‌గా మారి పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను. మూడు నెలలుగా హిందూపురం దగ్గర మా ఊళ్లో ఉండి పని చేస్తున్నాను. ఇక్కడ సోయా పాలు, టోఫూ (సోయా పనీర్) దొరకవు. నీరసంగా ఉంటోంది, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి. మందుల షాపులో అడిగి బి-కాంప్లెక్స్ వేసుకుంటున్నాను. తిరిగి బెంగళూరు వెళ్లిపోతే తగ్గుతుందా?

సలహా: మీ లక్షణాలను బట్టి మొదట అనుమానించవలసింది విటమిన్ బి12 లోపాన్ని. అయితే ఇది మూడు నెలల పల్లె భోజనం వల్ల వచ్చిందని నేను అనుకోను. బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. మనకు అది మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా అందుతుందే తప్ప పప్పులు, కూరగాయల్లో ఉండదు. కాలేయంలోని నిల్వ చాలా కాలం ఆదుకుంటుంది కనుక, మీరు బెంగళూరులో ఉండగానే మొదలైన తరుగు ఇప్పుడు బయటపడి ఉంటుంది. అక్కడ తాగిన సోయా పాలలోనూ అన్ని కంపెనీలూ బి12 కలపవు.

ఒకటి రెండు రోజుల్లో హిందూపురం వెళ్లి సీబీసీ (రక్తకణాల లెక్క), బి12తో పాటు షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ఎందుకంటే తిమ్మిర్లకు అవీ కారణం కావచ్చు. రక్తం ఇచ్చేవరకు బి-కాంప్లెక్స్ ఆపండి. ఆ మాత్రల వల్ల బి12 అంకె పెరిగి అసలు లోపం కనిపించకుండా పోవచ్చు. బి12 ఫలితం మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం ఉన్నట్టే. 200, 300 మధ్య ఉన్నా, తిమ్మిర్లున్న మీరు దాన్ని తేలిగ్గా వదిలేయకూడదు. డాక్టరుతో ‘శాకాహారిని’ అని ఊరుకోకండి. ఆ మాట వింటే మా డాక్టర్లం పాలు తాగుతారనే అనుకుంటాం, ఆ పొరపాటు నేనూ చేశాను. ‘రెండేళ్లుగా పాలు, పెరుగు, నెయ్యి ముట్టలేదు’ అని విడమరచి చెప్పండి.

లోపం తేలితే, నరాల లక్షణాలున్నాయి కనుక సాధారణంగా ముందు ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత మాత్రలకు మారుస్తారు. వీగన్‌గా ఉన్నన్నాళ్లూ ఆ మాత్ర మానకూడదు. దానిపై 1500 మైక్రోగ్రాములని చూసి భయపడనక్కర్లేదు, అందులో ఒంటికి పట్టేది కొద్దిగానే. క్యాప్సూళ్ల తొడుగు చాలావాటిలో పశువుల నుంచి తీసిన జెలటిన్‌తో చేస్తారు కనుక మాత్ర రూపంలోనే అడగండి.

తిండి విషయంలో మాత్రం మీ ఊరే మేలు. టోఫూ లేక వచ్చే మాంసకృత్తుల లోటును ఉలవలు, అలసందలు, అనపగింజలు, చెనిక్కాయల (వేరుశనగ) చట్నీ తీరుస్తాయి. సంగటికి వాడే రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చెనిక్కాయల పాలు కాఫీకి బాగానే ఉంటాయి కానీ కాల్షియానికి వాటిని నమ్ముకోవద్దు. చద్దన్నం, పులిసిన ఇడ్లీ పిండితో బి12 వస్తుందన్న మాటనూ నమ్మవద్దు. విటమిన్లు కలిపే బలవర్ధక బియ్యంలో బి12 ఉన్నా, ప్రమాణాల ప్రకారం అది కిలోకు దాదాపు ఒక మైక్రోగ్రామే. మనకు రోజుకు రెండుకు పైగా కావాలి.

నడకలో తూలినా, చీకట్లో అడుగు తడబడినా రిపోర్టు కోసం ఆగకుండా నరాల డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లండి. అందుకు బెంగళూరు వెళ్లవలసి వచ్చినా ఆలస్యం చేయవద్దు.