అద్దె కోసం ఇల్లు కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క, కొన్నాక పడాల్సిన పాట్లు

"చేతిలో కొంత పొదుపు ఉంది, మిగతాదానికి బ్యాంకు లోను వస్తుంది. చిన్న ఫ్లాటు ఒకటి కొని అద్దెకిస్తే నెలనెలా ఆదాయం వస్తుంది కదా, ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లు ఏమంటారు?" అని మీరు అడిగారు. నాకు రెండు ఫ్లాట్లు, ఒక చిన్న ఇల్లు ఉన్నాయి, మూడూ అద్దెకే ఇచ్చాను. ఉద్యోగం చేసుకుంటూనే వాటిని చూసుకుంటున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదీ: ఎంత అద్దె వస్తోంది అన్నది చిన్న ప్రశ్న. ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీగా పడి ఉంటుంది, ఇల్లు తన మీద తానే ఎంత ఖర్చు పెట్టిస్తుంది అన్నవి పెద్ద ప్రశ్నలు. కొనేటప్పుడు ఆ రెండింటి గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు లెక్క చూద్దాం. అమ్మేవాళ్లు చెప్పే లెక్క చాలా తేలిక. నెల అద్దెను 12తో గుణించి ధరతో భాగిస్తారు, 5 శాతం వస్తోంది చూడండి అంటారు. సరే, ఇంటి ఖరీదు 100, ఏడాది అద్దె 5 అనుకుందాం. ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉంటే 0.42 పోయి 4.58 మిగులుతుంది. రిపేర్లకు, రంగులకు, పాతబడిన మోటార్లూ కుళాయిలూ మార్చడానికి ఇంటి ఖరీదులో ఏటా 1 శాతం పక్కన పెట్టడం చాలామంది పాటించే పద్ధతి. ఒక ఏడాది అందులో దాదాపు ఏమీ ఖర్చవదు, ఇంకో ఏడాది మూడేళ్ల డబ్బు ఒకేసారి లాగేస్తుంది. అది తీసేస్తే 3.58. ఆస్తి పన్ను, బీమా, బిల్డింగు మెయింటెనెన్సు కలిపి 0.5 వేసుకుంటే 3.08. ఇక మనం పెట్టింది 100 అన్నది కూడా నిజం కాదు. రిజిస్ట్రేషను, బ్రోకరు కమీషను, మొదటివాళ్లు దిగేలోపు చేయించే పనులు కలుపుకుంటే 108 దాకా వెళ్లవచ్చు. 3.08ని 108తో భాగిస్తే 2.85 శాతం. ఆదాయపు పన్ను ఇంకా కట్టనే లేదు. మీ దగ్గర అంకెలు వేరుగా ఉండొచ్చు, అద్దె కరిగే తీరు మాత్రం ఇంతే. కొనబోయే ప్రతి ఇంటికీ ఈ వరస కాగితం మీద వేసుకోండి.

"అద్దెతోనే ఈఎంఐ కట్టేసుకోవచ్చు" అనే మాట మీరు వినే ఉంటారు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోను తీసుకుంటే లక్షకు నెలకు దాదాపు 900 కట్టాలి. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 150. అసలు సగానికి రావడానికి దాదాపు 14 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు పై లెక్కకే తిరిగి వద్దాం. 100 ఖరీదు చేసే ఇంటికి 80 లోను తెస్తే ఏడాదికి ఈఎంఐలు 8.64. చేతికొచ్చే అద్దె 3.08. మిగతా 5.56 ఏటా మీ జీతంలోంచి వెళ్లాలి. అలా కట్టగలిగితే తప్పేమీ లేదు, అదొక రకం పొదుపే. కానీ దాన్ని ఆదాయం అనుకుని దిగితే మాత్రం మొదటి ఏడాదే ఊపిరాడదు. వడ్డీ 10 శాతానికి వెళ్తే ఆ 900 కాస్తా 965 అవుతుంది, అద్దెదారు దానికి తగ్గట్టు పెంచి ఇవ్వడు. ధర 10 శాతం పడిందనుకోండి, మీరు సొంతంగా పెట్టిన 20లో సగం కాగితం మీద మాయమైనట్టే. అందుకే కనీసం ఆరు నెలల ఈఎంఐలు, ఒక పెద్ద రిపేరుకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా పక్కన ఉంటేనే లోను జోలికి వెళ్లమంటాను. ఆ డబ్బు కూడా డౌన్ పేమెంటులో కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లెవరూ లిఫ్టు పాడైనప్పుడు కనిపించరు.

ధర పెరుగుదల సంగతేమిటంటారా? 72ని పెరుగుదల శాతంతో భాగిస్తే ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లు. బాగానే ఉంది, అయితే ఆ 12 ఏళ్లలో మిగతా ధరలు కూడా ఊరుకోవు. పెరుగుతుందేమో, పెరగదేమో, నేను మాత్రం ఆ అంకె లేకుండానే లెక్క నిలబడుతుందా అని చూస్తాను.

ఇక అద్దెదారులు. ఈ పనిలో సగానికి పైగా ఇదే. నెలకు 100 ఇస్తూ ఇల్లు శుభ్రంగా ఉంచుకునే కుటుంబం ఒకటి ఉందనుకోండి. చుట్టుపక్కల 110 పలుకుతోందని తెలిసి మీరు పెంచమన్నారు, వాళ్లు ఖాళీ చేశారు. ఒక నెల తర్వాత 110కి వేరేవాళ్లు దిగారు. ఆ ఏడాది మీకొచ్చింది 11 నెలలకు 1210. పాతవాళ్లే ఉండుంటే 1200. తేడా 10. రంగులు వేయించి, బ్రోకరుకు ఇచ్చి, తాళం మార్పించేసరికి ఆ పది ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. రెండు నెలలు ఖాళీగా ఉంటే 1100, అంటే నేరుగా 100 నష్టం. అందుకే ఉన్నవాళ్లు మంచివాళ్లయితే మార్కెట్ కంటే కాస్త తక్కువకే ఉండనిస్తాను. ఏటా ఎంత శాతం పెంచుతానో మొదటి రోజే ఒప్పందంలో రాసుకుంటాను, పెంచే ముందు రెండు నెలలు గడువిచ్చి గుర్తు చేస్తాను. అసలే పెంచకుండా ఐదేళ్లు వదిలేసి ఒకేసారి అడగడం కంటే ఇది ఇద్దరికీ నయం.

ఎవరికివ్వాలి అన్నదానికి నా పద్ధతి ఒకటుంది. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరుకు ఫోన్ చేసి కనుక్కోవడం అందరూ చేస్తారు. నేను అంతకు ముందటి ఇంటి ఓనరుతో మాట్లాడతాను. ఇప్పటి ఓనరు వాళ్లను ఎలాగైనా వదిలించుకోవాలనుకుంటే "బంగారం లాంటి మనుషులండీ" అనే చెబుతాడు. పాత ఓనరుకు ఆ అవసరం లేదు. ఆయన్ని ఒకటే అడుగుతాను, మళ్లీ వస్తే ఇస్తారా అని. జవాబు కంటే ముందు వచ్చే ఆ కాస్త మౌనంలోనే చాలా తెలుస్తుంది. అద్దె వాళ్ల ఆదాయంలో మూడో వంతు దాటకుండా చూసుకుంటాను. దాటితే మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఒక ఆసుపత్రి బిల్లు చాలు ఇబ్బంది పడడానికి. "రేపే దిగిపోతాం, ఆరు నెలలది ఒకేసారి ఇచ్చేస్తాం, కాగితాలవీ తర్వాత చూద్దాం" అని తొందరపెట్టేవాళ్లతో మాత్రం జాగ్రత్త. తొందర వాళ్లది, ఆ తర్వాత తిప్పలు మనవి. అద్దె కట్టడం, ఇల్లు చూసుకోవడం అన్నవాటితో సంబంధం లేని సొంత సంగతుల్లోకి నేను వెళ్లను. అవి అడిగి ఇల్లు కాదన్న ఓనర్లకు నెలల తరబడి టులెట్ బోర్డు వేలాడుతూ ఉండడం చూశాను.

బంధువులకు, స్నేహితులకు ఇవ్వాలా అంటే, అద్దె అడగలేని చోట ఇవ్వకండి. అంతే.

అద్దె ఆలస్యమైతే మూడో రోజే ఫోన్ చేస్తాను, దెప్పిపొడవడానికి కాదు, ఏమైందో తెలుసుకోవడానికి. ఉద్యోగం పోయిందని చెప్పుకున్నవాళ్లకు రెండు నెలలు సగం అద్దె తీసుకుని, మిగతాది తర్వాత వాయిదాల్లో ఇచ్చేలా మాట్లాడుకున్నాం. ఆ మాటలన్నీ ఫోన్ మెసేజిలో రాసి పెట్టుకున్నాం. వాళ్లు నిలదొక్కుకున్నాక అలాగే కట్టేశారు, ఇప్పటికీ ఉంటున్నారు. అందరి విషయంలోనూ ఇలా జరగదు. నెల దాటినా ఫోన్ ఎత్తనివాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడం, మీ దగ్గరి చట్టం చెప్పిన దారిలో వెళ్లడం తప్ప వేరే మార్గం లేదు. కోపంలో నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం, తాళం వేయడం లాంటివి చేయకండి. చాలా చోట్ల చట్టం ఒప్పుకోదు, బాకీ పడ్డవాడి మీద ఉన్న కేసు కాస్తా మీ మీదికి తిరుగుతుంది.

ఇంటికి శత్రువు అద్దెదారు కాదు, నీళ్లు. నా రిపేరు ఖర్చుల్లో పెద్దవన్నీ నీళ్ల వల్ల వచ్చినవే. చెమ్మ కనిపించే చోట లీకేజీ ఉండకపోవచ్చు. నీళ్లు స్లాబు లోపల దారి వెతుక్కుని పక్క గదిలో బయటపడతాయి. అందుకే మరక కనిపించిన చోటే పగలగొట్టడం మొదలుపెట్టే ప్లంబరును నేను కాసేపు ఆగమంటాను. ముందు కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు చూడాలి. అప్పుడూ తిరుగుతుంటే నీళ్లు వచ్చే పైపులో తేడా ఉంది. తిరగడం లేదు, వాడినప్పుడే చెమ్మ వస్తోంది అంటే నీళ్లు పోయే పైపో, బాత్రూం నేలో అయ్యుంటుంది. నేల సంగతి తేల్చుకోవాలంటే డ్రెయిను మూసి, గడప దాటకుండా అంగుళం ఎత్తు నీళ్లు నిలిపి 24 గంటలు వదిలేయాలి. కింది ఇంటివాళ్లకు ముందే చెప్పి మరీ చేయండి, లేకపోతే మీ పరీక్ష ఫలితం వాళ్ల అరుపుల్లో తెలుస్తుంది. కొనబోయే ఇంటిని కూడా ఇలాగే చూడాలి. కొత్తగా ఒక్క గోడకే రంగు వేసి ఉందంటే ఆ గోడనే చేత్తో తడిమి చూడండి.

చిన్న లీకేజీ పెద్దది కాకముందే మనకు తెలియాలంటే అద్దెదారు భయపడకుండా ఫోన్ చేయగలగాలి. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి ఏడాదిలో వేల లీటర్లు వృథా చేస్తుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "మీరే ఏదో చేసుంటారు" అని విసుక్కునే ఓనరుకు ఎవరూ ఆ కుళాయి సంగతి చెప్పరు, సీలింగు పెచ్చులూడినప్పుడే చెబుతారు. మా ఇళ్లలో దిగిన రోజే మెయిన్ వాల్వు ఎక్కడుందో, ఎలా కట్టాలో చూపిస్తాను. చిన్న రిపేర్లకు ఫలానా మొత్తం దాకా నన్ను అడగక్కర్లేదు, బిల్లు పంపితే అద్దెలో తగ్గించుకోవచ్చని చెబుతాను. మనుషులు మారినప్పుడల్లా కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందో లేదో చూసి, టెస్ట్ బటను నొక్కిస్తాను. నొక్కితే ట్రిప్ కాకపోతే అదే రోజు మార్పిస్తాను. షాకు కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే, ఖర్చు చూస్తే ఒక నెల అద్దెలో చిన్న భాగం.

ఇల్లు అప్పగించేటప్పుడు గదులన్నీ వీడియో తీయండి, మీటరు రీడింగులు ఫొటో తీయండి, ఫ్యాన్ల నుంచి తాళంచెవుల దాకా జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర వచ్చే గొడవల్లో చాలావాటికి ఆ వీడియోనే జవాబు. వాడకంతో రంగు వెలిసిపోతే అది మన ఖర్చు, తలుపు పగిలితే వాళ్లది. కోత వేస్తే బిల్లు చూపించి వేయాలి, మిగతాది త్వరగా తిరిగిచ్చేయాలి. డిపాజిట్ మన డబ్బు కాదు కాబట్టి నేను దాన్ని వేరే ఖాతాలో ఉంచుతాను. చెప్పకుండా ఇంటికి వెళ్లే అలవాటు కూడా వద్దు. ఇల్లు మనదే, ఆ గడప మాత్రం ప్రస్తుతానికి వాళ్లది.

మీరు చూస్తున్న ఫ్లాటు సంగతికి వస్తే, పై అంతస్తుదైతే గట్టిగా వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. బిల్డింగు సంఘం దగ్గర ఎంత నిధి ఉందో, లిఫ్టు, పైకప్పు పనులు ఎప్పుడు చేయించారో, ఎంతమంది మెయింటెనెన్సు బాకీ ఉన్నారో అడగండి. పాత బిల్డింగులో నిధి లేకపోతే రేపు వచ్చే ఖర్చులో మీ వాటా ఇంటి ధరలో ఇప్పుడే తగ్గించి బేరమాడండి. అదే బిల్డింగులో అద్దెకుంటున్నవాళ్లతో ఒకరిద్దరితో మాట్లాడితే ఎంత ఇస్తున్నారో, అంతకు ముందు ఆ ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉందో చెబుతారు. పైన చెప్పిన వరసలో బ్రోకరు చెప్పిన అద్దె కాకుండా వాళ్లు చెప్పిన అద్దె పెట్టి చూడండి.