టూల్ మౌనంగా ఉంటే తప్పు లేనట్టేనా?

ప్రశ్న: పొలాల పంపుసెట్లకు టైమర్ బోర్డులు తయారుచేస్తున్నాను. ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ చిప్‌కు సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఏ హెచ్చరికా లేకుండా కంపైల్ అవుతోంది. కోడ్‌ను నడపకుండానే లోపాలు వెతికే సీపీపీచెక్ అనే టూల్‌తో తనిఖీ చేయిస్తే మాత్రం ఐఎస్‌ఆర్ (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) అన్న వరుస దగ్గర తెలియని మాక్రో (కొంత కోడ్‌కు పెట్టిన పొట్టి పేరు) ఉందంటూ ఆగిపోతోంది. ఆ ఫంక్షన్ తీసేసి నడిపితే ఒక్క తప్పూ చూపలేదు. అయినా 60 సెకన్లకు ఆగవలసిన మోటారు ఆగడం లేదు. ఇంట్ (పూర్ణసంఖ్య) వేరియబుల్‌లో 60 ఉంచి, 1000తో గుణించి, ఆ మిల్లీసెకన్లను అన్‌సైన్డ్ లాంగ్‌లో (రుణ సంఖ్యలు లేని, ఇంకా పెద్ద పూర్ణసంఖ్య రకంలో) దాస్తున్నాను. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, పొందూరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు అడిగినవి రెండు లోపాలైనా మూలం ఒకటే: మీ కంపైలర్‌కు తెలిసిన సంగతులు టూల్‌కు తెలియవు. ఐఎస్‌ఆర్ అనేది సీ భాషలోని పదం కాదు, మీ చిప్ కుటుంబమైన ఏవీఆర్ కోసం ఉన్న కంపైలర్‌తో వచ్చే ఇంటరప్ట్ హెడర్‌లోని మాక్రో. ఆ హెడర్ కనబడని టూల్‌కు ఆ వరుస అర్థం కాదు, అక్కడితో ఆ ఫైల్ పరిశీలనే మానేస్తుంది. చాలామంది ఈ సందేశాన్ని సప్రెస్ ఆప్షన్‌తో దాచేస్తారు. సందేశం మాయమవుతుంది గాని ఫైల్ తనిఖీ కాకుండానే మిగిలిపోతుంది. అందుకు బదులు, ఐఎస్‌ఆర్‌ను మామూలు వాయిడ్ ఫంక్షన్‌గా మార్చే ఒక్క డిఫైన్ వరుసతో చిన్న హెడర్ రాసి, దాన్ని ఇన్‌క్లూడ్ ఆప్షన్ ద్వారా టూల్‌కు మాత్రమే ఇవ్వండి. తీసేసిన ఫంక్షన్‌ను తిరిగి పెట్టండి.

మోటారు సంగతి ఇంతకంటే ముఖ్యం. మీ చిప్‌పై ఇంట్ 16 బిట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. అరవై వేలు అందులో పట్టక, సాధారణంగా -5536గా మారుతుంది. దాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌లో వేస్తే 4294961760 అవుతుంది. అన్ని మిల్లీసెకన్లంటే సుమారు 49 రోజుల 17 గంటలు, అంటే చేను మునిగినా మోటారు ఆగదు. దాచుకునే చోటు పెద్దదే కదా అనిపిస్తుంది గాని, గుణకారం అంతకుముందే ఇంట్‌లో జరిగిపోయింది. ప్లాట్‌ఫామ్, అంటే కోడ్ ఏ చిప్ కోసమో, చెప్పకపోతే టూల్ మీ కంప్యూటర్ కొలతలే తీసుకుంటుంది. అక్కడ ఇంట్ 32 బిట్లు కనుక అరవై వేలు హాయిగా పట్టాయి, దానికి తప్పేమీ కనబడలేదు.

ఈ జాతి టూళ్లకు పెద్దదిక్కైన లింట్‌ను స్టీఫెన్ జాన్సన్ బెల్ ల్యాబ్స్‌లో 1970లలో రాశారు. బట్టకు అంటుకునే దూది నలుసు అని ఆ పేరుకు అర్థం. ఖద్దరు నేతకు పేరొందిన పొందూరు వారికి వివరించనక్కరలేదు. చూసే కన్నుకు ఏ బట్టో చెప్పకపోతే నలుసు కూడా నేతలో భాగంగానే కనబడుతుంది.

కనుక ప్లాట్‌ఫామ్ ఆప్షన్‌లో ఏవీఆర్8 అని ఇచ్చి, కోడ్‌ను దిద్దకుండానే ఒకసారి నడపండి. ఆ గుణకారం వరుస వద్ద ఓవర్‌ఫ్లో (సంఖ్య పట్టలేదన్న) హెచ్చరిక వస్తే టూల్ సరిగ్గా అమరినట్టే. అప్పుడు గుణకారం అన్‌సైన్డ్ లాంగ్‌లోనే జరిగేలా 1000 పక్కన యూఎల్ చేర్చి మళ్లీ తనిఖీ చేయండి, ఆ తర్వాతే బోర్డులోకి ఎక్కించండి.