పాత ఆల్టోలో స్టీరింగ్ లూజ్, గుంతల్లో గడగడ: రాక్ మార్చే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇది: 2009 ఆల్టో, పవర్ స్టీరింగ్ లేదు. దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి, మాల్ మీదుగా అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటారు. 70 దాటితే బండి అటూ ఇటూ పోతోంది. స్టీరింగ్ కొంత తిప్పినా చక్రం కదలట్లేదు. గుంతలో పడితే ముందు నుంచి గడగడ శబ్దం. మెకానిక్ రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగి ముందు చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మొత్తం మార్చాలంటున్నాడు. అవసరమా అని.

కింద దూరి చూడకుండా అవసరమనీ, అక్కర్లేదనీ ఎవరూ చెప్పలేరు. కానీ రాక్‌తో మాత్రం మొదలుపెట్టకండి. నేను నల్గొండలో ఉంటాను, 2004 మారుతి 800 ఇప్పటికీ నడుపుతున్నాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ దానికీ వచ్చాయి. మాకూ మొదట రాక్ పోయిందనే చెప్పారు. విప్పి చూస్తే అరిగినవి టై రాడ్ ఎండ్‌లు (రాక్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్ కొస జాయింట్లు), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చేయి) బుష్‌లు, అంటే దాని కీలు దగ్గరి రబ్బర్లు, రాక్ లోపలి ఒక చిన్న బుష్. ఇవి మార్చాక అదే రాక్‌తో బండి నిలకడగా పోతోంది.

అన్నిటికంటే ముందు లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండు కీలు) చూపించండి. మిగతావాటిలో చాలావరకు అరిగితే ముందు శబ్దం వస్తుంది, టైరు తింటుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, బండి మన చేతిలో ఉండదు. ముందు చక్రం గాల్లోకి లేపి, ఆర్మ్‌కూ చక్రం నకల్‌కూ (చక్రం బిగించి ఉండే ఇనుప భాగం) మధ్య పొడవాటి రాడ్ పెట్టి మెల్లగా ఎత్తితే ఆట, అంటే వదులు కదలిక, ఉందో లేదో తెలిసిపోతుంది. కొంచెం కదిలినా ఆలస్యం చేయొద్దు. విడిగా దొరక్కపోతే ఆర్మ్ మొత్తం మార్చండి. ఈ ఒక్క పరీక్ష అయ్యేదాకా అమ్మను ఆ బండిలో తీసుకెళ్లొద్దని నా మనవి, బస్సులో వెళ్లండి.

ఇక స్టీరింగ్‌లో ఆట ఎక్కడుందో పట్టుకునే పద్ధతి. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను చిన్నగా, ఆట ఉన్నంత మేరకే అటూ ఇటూ ఆడిస్తుండాలి. మీరు ఒక్కో జాయింట్ మీద చేయి వేసి చూడండి. మొదట పెడల్స్ దగ్గర, స్టీరింగ్ రాడ్‌ను రాక్‌కు కలిపే జాయింట్. దాని బోల్టు వదులైనా ఇవే లక్షణాలు వస్తాయి. చాలామంది అక్కడ చేయే పెట్టరు. తర్వాత రాక్‌ను బాడీకి బిగించిన క్లాంపులు, వాటి రబ్బర్లు. స్టీరింగ్ తిప్పితే రాక్ మొత్తం పక్కకు జరుగుతుందంటే తప్పు రాక్‌ది కాదు, రబ్బర్లది. తర్వాత టై రాడ్ ఎండ్‌లు. ఒక వైపు కదిలి, రెండో వైపు ఆలస్యంగా కదిలితే అది పోయినట్టే. ఇలాంటి చిన్న మారుతి బళ్లలో స్టీరింగ్ చక్రం అంచు దగ్గర 30 మిల్లీమీటర్ల వరకూ ఆట ఉండొచ్చు. కొలిచి చూడండి, అసలు సమస్య ఉందో లేదో అక్కడే తేలుతుంది.

తర్వాత చక్రం లేపి, అడ్డంగా రెండు వైపులా పట్టుకుని ఆడించండి. కదిలితే టై రాడ్ ఎండ్ గానీ, ఆ రాడ్‌ను రాక్‌కు కలిపే లోపలి జాయింట్ (రాక్ ఎండ్) గానీ. పైనా కిందా పట్టుకుని ఆడిస్తే కదిలితే వీల్ బేరింగ్ గానీ, బాల్ జాయింట్ గానీ. ఆ రెండిట్లో ఏదో తేల్చుకోవాలంటే ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోతే బేరింగ్. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి, కింద స్టాండ్లు ఉండాల్సిందే.

రాక్ దగ్గర చూడాల్సింది ఒక్కటుంది. మన బళ్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి పినియన్ (రాక్‌ను జరిపే చిన్న పళ్ల చక్రం) కుడి పక్కన ఉంటుంది. ఎడమ కొసన రాడ్‌ను మోసేది ఒక బుష్ మాత్రమే. అది అరిగితే ఎడమ చక్రం చిన్న గుంతలో పడ్డా గడగడమంటుంది, మెకానిక్ చెవికి అది రాక్ శబ్దమే. ఎడమ బూటు (రబ్బరు తొడుగు) దగ్గర రాడ్ పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. కదిలితే ఆ బుష్ మార్చించండి. మొత్తం రాక్ ధరతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకే రాదు.

రాక్ కింద ఒక అడ్జస్ట్‌మెంట్ నట్టు ఉంటుంది. ఆట ఉందనగానే దాన్ని బిగించేవాళ్లు ఉన్నారు. వద్దనండి. రాక్ పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి, ఎందుకంటే బండి ఎక్కువగా నేరుగానే పోతుంది కదా. మధ్యలో సరిపోయేలా బిగిస్తే పూర్తిగా తిప్పినప్పుడు బిగుసుకుపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. మిగతావన్నీ సరిచేశాక కూడా ఆట మిగిలితే అప్పుడు చాలా కొద్దిగా తిప్పి, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. అప్పటికీ కుదరకపోతే రాక్ మార్చాల్సిందే, నేనూ కాదనను.

బండి అటూ ఇటూ పోవడానికి మీ ఆల్టోలో ఇంకో కారణం ఉండొచ్చు. ఈ బళ్లలో ముందున్న స్టెబిలైజర్ రాడ్ ఒరుగుడును ఆపడమే కాదు, లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునేదీ అదే. దాని బుష్‌లు పోతే బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, టక్కుమంటుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. మీకు బ్రేక్ వేస్తే టక్కుమంటోందా? అయితే బాల్ జాయింట్ తర్వాత ముందు అవే చూడండి. మన వైపు నాట్ల కాలంలో ఇనుప చక్రాల ట్రాక్టర్లు తారు రోడ్డెక్కుతాయి. హాలియా, మిర్యాలగూడ ఆయకట్టులో రోడ్ల గతి మీకు తెలుసు. చెలకల దుమ్ము సరేసరి. చిరిగిన రబ్బరు బూటులోంచి ఆ దుమ్ము, నీళ్లు లోపలికి పోతే కొత్త జాయింట్ కూడా ఎక్కువ కాలం ఉండదు. అందుకే ఏది మార్చినా బూటు కూడా కొత్తది వేయించండి.

బుష్‌లు వేసేటప్పుడు దగ్గరుండి ఒక మాట చెప్పండి. ఆర్మ్ బోల్టులను ముందు చేతితో బిగించి వదిలేయాలి. బండి కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే దించగానే రబ్బరు తడి బట్ట పిండినట్టు మెలితిరిగి అలాగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. "కొత్త బుష్‌లు వేశాం, మళ్లీ పోయాయి" అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. డూప్లికేట్ బుష్‌ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

షాకప్‌లకు నూనె కారుతుంటే, లేదా బండి ముందు భాగాన్ని గట్టిగా నొక్కి వదిలితే రెండు మూడు సార్లు ఊగుతుంటే మార్చండి, రెండు వైపులా ఒకేసారి. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ టంగుమని ఎగిరితే షాకప్ పైన ఉండే స్ట్రట్ బేరింగ్ పోయినట్టే, దాన్నీ అప్పుడే మార్పించండి. ఈ పని ఇంట్లో వద్దు. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పనిముట్టుతో (స్ప్రింగ్ కంప్రెసర్) నొక్కకుండా పై నట్టు విప్పితే ప్రాణాపాయం.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే పని) సెంటర్ దాకా బండి పోగలుగుతుంది. అలైన్‌మెంట్ మాత్రం అన్నిటికంటే చివర్లో, పాతవన్నీ మార్చాకే. జాయింట్లలో ఆట ఉండగా చేయిస్తే ఆ రీడింగ్ తర్వాతి గుంతలోనే మారిపోతుంది. మెకానిక్‌ను తీసిన పాత పార్టులు చేతికిమ్మనండి, చివర్లో అలైన్‌మెంట్ కాగితం కూడా తీసుకోండి. బ్రేక్ శబ్దం సంగతి, ఎడమ బూటు దగ్గర ఆట సంగతి చూసి ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో చెప్తాను.